గాలి రోజున రేవు: ఆగినందుకు అయ్యే ఖర్చు ఎవరిది?

ఓడరేవును చూడదలచినవారు సాధారణంగా సముద్రం నెమ్మదించిన రోజును ఎంచుకుంటారు. నా ఉద్దేశంలో అది సరైన ఎంపిక కాదు. నెమ్మది రోజున రేవులో జరిగే పనంతా తనంతట తానే జరిగిపోతున్నట్టు కనిపిస్తుంది. ఓడ వస్తుంది, గట్టుకు ఆనుకుంటుంది, క్రేన్లు సరుకు దించుతాయి, ఓడ వెళ్ళిపోతుంది. ఎవరి చేయి ఎక్కడ పడుతోందో, ఎవరి నిర్ణయం మీద ఏది ఆధారపడి ఉందో బయటినుంచి చూసేవారికి అంతుపట్టదు. గాలి లేచిన రోజున అలా కాదు. ప్రతి పనికీ ఎంత ఓర్పు, ఎంత అంచనా కావాలో కళ్ళెదుటే తేలిపోతుంది. అంతకంటే ముఖ్యంగా, పని చేయడం ఎంత నేర్పో, పని ఆపడం కూడా అంత నేర్పేనని తెలుస్తుంది. అయితే ఆపగల స్తోమత రేవులో అందరికీ సమానంగా లేదు. పెద్ద ఓడ ఆగితే ఆ ఖర్చును ఎవరు భరించాలో ముందుగానే రాసి పెట్టి ఉంటుంది; చిన్న పడవ ఆగితే ఆ ఖర్చంతా పడవలోని మనుషుల కడుపు మీద పడుతుంది. ఈ తేడా సముద్రం తెచ్చింది కాదని, మనుషులు రాసుకున్న ఒప్పందాలూ చట్టాలూ తెచ్చిందని, కాబట్టి దాన్ని మనుషులే మార్చగలరని నా వాదన.

నేను చెప్పబోయే రోజున గాలి తెల్లవారకముందే లేచింది. అలల అడ్డుకట్ట మొదట్లో, జనాన్ని రానిచ్చే చోట నిలబడితే ఒక పక్క రేవులోకి దారి ఇచ్చే మొగ, మరో పక్క సరుకు ఓడలు గట్టుకు ఆనుకుని నిలిచే బెర్తులు, వెనక చేపల పడవల మడుగు కనిపిస్తాయి. తరగల తలలన్నీ తెల్లబడ్డాయి. ఆ నురుగు గాలి పోయే దిక్కుకు సన్నని చారలుగా సాగుతోంది. అలా చారలు కట్టడం మొదలైందంటే గాలి బలాన్ని కొలిచే బోఫోర్ట్ స్కేలులో అది ఏడో అంకె, అంటే గాలి వేగం 28 నుంచి 33 నాట్లు, గంటకు 50 నుంచి 61 కిలోమీటర్లు. ఈ స్కేలు గురించి నాకెప్పుడూ ఆసక్తిగా తోచే సంగతి ఒకటుంది. బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బోఫోర్ట్ 1805లో దీన్ని తయారు చేసుకున్నప్పుడు ఇందులో వేగం అంకెలు లేవు. ఎంత గాలికి ఒక యుద్ధనౌక ఎన్ని తెరచాపలు నిలుపుకోగలదు, ఎన్నిటిని దించుకోవాలి అన్నదే కొలత. అంటే ఆ గాలిలో ఓడ ఏం చేయగలదు, ఏం మానుకోవాలి అన్నదే అసలు లెక్క. రేవులో పని చేసేవారు ఇప్పటికీ గాలిని అలాగే చూస్తారు. ఒకే గాలి ఒక ఓడకు చిన్న ఇబ్బంది, మరో ఓడకు పెద్ద అడ్డంకి, ఇంకో పడవకు ప్రాణాపాయం.

గాలి వేగం ఎంత పెరిగితే అది ఓడను నెట్టే బలం, అంటే తోపు, అంతే పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం 20 నాట్ల నుంచి 30 నాట్లకు, అంటే ఒకటిన్నర రెట్లు పెరిగితే, తోపు రెండుంపావు రెట్లవుతుంది. 400 మీటర్ల పొడవున్న కంటైనర్ ఓడను తీసుకోండి. నీటి మీద కనిపించే ఓడ పక్కభాగం, దాని మీద పేర్చిన పెట్టెలు కలిపి 35 మీటర్ల ఎత్తు గోడ అనుకుంటే, గాలికి ఎదురయ్యే వైశాల్యం 14,000 చదరపు మీటర్లు. 20 నాట్ల గాలి దాని మీద అడ్డంగా పడితే తోపు సుమారు 90 టన్నులు. 30 నాట్లకు అది 200 టన్నులు దాటుతుంది. పెద్ద ఓడలను లాగి, తోసి నడిపే చిన్న పడవను టగ్గు అంటారు; బలమైన టగ్గు ఒకటి లాగగలిగేది 60 నుంచి 80 టన్నులు. అంటే అంతటి ఓడను గాలికి కొట్టుకుపోకుండా ఉన్న చోట నిలబెట్టడానికే మూడు టగ్గులు తమ బలమంతా పెట్టాలి. దాన్ని గట్టు వైపు జరపడం ఆ తరవాతి సంగతి. 2021 మార్చి 23న సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ అనే కంటైనర్ ఓడ అడ్డం తిరిగి ఇరుక్కున్నప్పుడు వీస్తున్నది ఇసుకతో కూడిన బలమైన గాలి. గాలి ఒక్కటే కారణం కాకపోవచ్చని కాలువ అధికారులే తరవాత అన్నారు. అది నిజమే కావచ్చు. కానీ అంతటి గోడను అంత ఇరుకు దారిలోకి ఆ గాలిలో పంపాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం మనుషులదే. ఆరు రోజులపాటు ఆ దారి మూసుకుపోయి వందలకొద్దీ ఓడలు ఎదురుచూశాయి.

ఆ రోజు రేవు బయట లంగరు వేసి ఉన్న కంటైనర్ ఓడ లోపలికి రాలేదు. బెర్తు ఖాళీగానే ఉంది, క్రేన్ల చేతులు పైకెత్తి ఉన్నాయి. క్రేన్ కింద తీగల మీద వేలాడే పెట్టె గాలికి ఊగడం మొదలుపెడితే దాన్ని గురి చూసి దించడం కుదరదు కాబట్టి, గాలి హద్దు దాటగానే పని ఆపి, క్రేన్ పట్టాల మీద దొర్లిపోకుండా దాన్ని నేలకు బిగిస్తారు. చూసేవారికి రేవు బద్ధకంగా పడి ఉన్నట్టు తోస్తుంది. కానీ ఆ ఖాళీ బెర్తు వెనక చాలా పని జరిగింది: వాతావరణ సూచనలు చదివారు, ఓడలోకి ఎక్కి దాన్ని రేవులోకి దారి చూపి తెచ్చే పైలట్, రేవు అధికారి, ఓడ కెప్టెన్ మాట్లాడుకున్నారు, ఎన్ని టగ్గులు దొరుకుతాయో లెక్క వేశారు, చివరికి వద్దనుకున్నారు.

బొగ్గు, ధాన్యం లాంటి విడి సరుకు మోసే, కొంత చిన్నదైన ఒక బల్క్ ఓడను మాత్రం లోపలికి తెచ్చారు. అది సరుకు లేకుండా వస్తోంది. సరుకు లేని ఓడ తేలిక కాబట్టి తేవడమూ సులువేనని అనిపిస్తుంది గానీ, గాలి విషయంలో అది తలకిందులు. సరుకు లేకపోతే ఓడ నీటిలో పైకి తేలి, పక్కభాగం ఎక్కువగా బయటపడి, గాలికి ఎక్కువగా చిక్కుతుంది. పైలట్ ఎక్కడానికి తాడు నిచ్చెన కూడా అంత ఎత్తు పాకాల్సి వస్తుంది. ఆ ఎత్తు 9 మీటర్లు దాటితే తాడు నిచ్చెన ఒక్కటే వేలాడదీయకూడదని, ఓడ పక్కనుంచి ఏటవాలుగా దించే మెట్లను కూడా దానికి జత చేయాలని అంతర్జాతీయ నిబంధన.

నేను దుర్భిణిలో చూసింది ఇది. ఓడ నెమ్మదిగా వంపు తిరిగి తన ఒక పక్కను గాలికి అప్పగించి, రెండో పక్కన కొంచెం మాటు చేసింది. ఆ మాటులోకి పైలట్ పడవ వచ్చింది. మాటు అన్నమాటే గానీ పడవ అక్కడా రెండు మీటర్లు లేస్తూ పడుతూనే ఉంది. పైలట్ ముందు వైపు కమ్మీ పట్టుకుని నిలబడి, నిచ్చెన చేతికందేంత దగ్గరలో ఉన్నా తొందరపడలేదు. ఒక కెరటం పోనిచ్చాడు, ఇంకొకటి పోనిచ్చాడు. మూడోది పడవను పూర్తిగా పైకి ఎత్తిన క్షణంలో నిచ్చెన మీదికి మారాడు. కెరటం కింద ఉన్నప్పుడు నిచ్చెన పట్టుకుంటే, మరుక్షణం పడవ పైకి లేచి కాళ్ళను ఓడ గోడకేసి నలిపేస్తుంది. శిఖరం మీద ఉన్నప్పుడు పట్టుకుంటే పడవ తనంతట తానే కిందికి జారి దూరమవుతుంది. అరక్షణం తేడా అంతే. తరవాత కొద్దిసేపటికి ఓడ మీద సగం తెలుపు, సగం ఎరుపు జెండా ఎగిరింది: పైలట్ ఎక్కాడని దాని అర్థం. ఆ మనిషి చేసిన పనిలో చాలా భాగం ఎక్కడం కాదు, ఎక్కకుండా ఆగడం.

ఆ తరవాత టగ్గుల పని. ఈనాటి రేవు టగ్గుల అడుగున ప్రొపెల్లర్లు ఏ దిక్కుకైనా పూర్తిగా తిరుగుతాయి కాబట్టి అవి ముందుకు వెనక్కే కాక పక్కకు కూడా నడుస్తాయి. రెండు టగ్గులు ఓడను గాలి వచ్చే వైపు నుంచి వెనక్కి లాగిపట్టి, గట్టు మీద మెత్తగా ఆనేలా అంగుళం అంగుళం వదిలాయి. గట్టు మీద కళాసీలు ఓడను కట్టే మోకుల కోసం నిలబడ్డారు. బిగుతుకు వచ్చిన మోకును దగ్గరగా చూడాల్సిందే. మొదట దాని పేటల మధ్య నుంచి నీరు సన్నగా కారుతుంది, తరవాత మోకు కొంచెం సన్నబడినట్టు కనిపిస్తుంది, అప్పుడు ఇనుప దిమ్మె దగ్గర కిర్రుమని మూలుగుతుంది. ఆ మూలుగు విన్న పెద్ద కళాసీ చెయ్యి అడ్డంగా ఊపి, కుర్రవాళ్ళను మోకు వరస నుంచి వెనక్కి పంపించాడు. తెగిన మోకు వెనక్కి కొట్టిందంటే మనిషి బతకడు. ఆ దెబ్బ కంటికి కనబడదు, తప్పుకునే వ్యవధి ఉండదు. గాలి కాస్త తగ్గేదాకా ఎవరూ దాని దగ్గరకు పోలేదు. పైవాళ్ళెవరూ తొందరపెట్టలేదు కూడా. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను, ఎందుకంటే ఇదే రేవులో వేరే చోట తొందరపెట్టేవారు లేకపోయినా తొందర ఉంది.

ఆ చోటు చేపల పడవల మడుగు. మరపడవలు ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో పాత టైర్లు నలుగుతూ, నాలుగైదు వరసలుగా కట్టి ఉన్నాయి. చాలామంది వెళ్ళలేదు. పడవలు నడిపే సరంగులు ఇద్దరు ముగ్గురు గట్టు చివర నిలబడి మొగ వైపే చూస్తున్నారు. వారిలో పెద్దాయన నాతో అన్నదేమిటంటే, నడిసముద్రంలో గాలిని తట్టుకోవచ్చు గానీ మొగ దగ్గర కెరటాన్ని తట్టుకోలేమని. అది అక్షరాలా నిజం. రేవు నుంచి పాటు నీరు బయటికి లాగుతున్నప్పుడు ఎదురుగా గాలి కెరటాలను లోపలికి తోస్తే, ఆ రెండూ తగిలే చోట కెరటాల మధ్య ఎడం తగ్గి, కెరటం నిటారుగా లేచి, విరుగుతుంది. 200 మీటర్ల ఓడ దాన్ని గమనించను కూడా గమనించదు. పన్నెండు పదిహేను మీటర్ల పడవ ముక్కు దానిలో దిగిందంటే లేవడం కష్టం. నేను చూస్తుండగానే ఒక పడవ కట్లు విప్పుకుని బయల్దేరింది. మొగ దగ్గర రెండుసార్లు పూర్తిగా కనబడకుండా పోయి, మళ్ళీ తేలి, దాటింది. గట్టు మీద నిలబడినవాళ్ళెవరూ ఆ పడవ సరంగును మొండివాడని అనలేదు. చేపలు చెడకుండా వేసే మంచు, డీజిలు నిన్ననే నింపుకున్నాడని మాత్రం అన్నారు.

ఆ ఒక్క మాటలోనే నా వాదనంతా ఉంది. బయట ఆగిన కంటైనర్ ఓడలోని నావికులకు ఆ రోజు జీతం ఆగదు. 2013లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ సముద్ర కార్మికుల ఒప్పందం ప్రకారం వారికి నెల మించకుండా జీతం ముట్టాలి, ఓడ నడిచినా నిలబడినా సరే. సరుకు ఓడలను అద్దెకు తీసుకునే చాలా ఒప్పందాల్లో సరుకు ఎత్తడానికీ దించడానికీ ఇచ్చే గడువు నుంచి వాతావరణం పని సాగనివ్వని సమయాన్ని మినహాయిస్తారు. ఆ గడువు దాటితే ఎవరు ఎవరికి డెమరేజి, అంటే ఆలస్యానికి పరిహారం, కట్టాలో కూడా రాసుకుంటారు. ఓడ ఆగడం వల్ల వచ్చే నష్టం పోదు, కానీ అది యజమాని, అద్దెదారు, బీమా కంపెనీల మధ్య పంచబడుతుంది. అన్నిటికీ మించి, సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం, అంటే సోలాస్, ఒక మాట స్పష్టంగా చెబుతుంది: ప్రాణరక్షణకు అవసరమని కెప్టెన్ తన వృత్తి జ్ఞానంతో తీసుకునే నిర్ణయాన్ని యజమానిగానీ అద్దెదారుగానీ మరెవరుగానీ అడ్డుకోకూడదు. ఆగుదామని చెప్పే హక్కు కెప్టెన్‌కు చట్టం ఇచ్చిన హక్కు.

చేపల పడవకు వీటిలో ఏదీ దాదాపుగా లేదు. టైటానిక్ మునిగిన తరవాత 1914లో మొదలైన ఆ సోలాస్ నిబంధనల్లో ఎక్కువ భాగం చేపల పడవలకు వర్తించవు. వాటి కోసం 1977లో స్పెయిన్ పట్టణం టొర్రెమోలినోస్‌లో వేరే ఒప్పందం రాశారు; అది ఎన్నడూ అమలులోకి రాలేదు. అది వచ్చి ఉన్నా 24 మీటర్లు, ఆపై పొడవున్న పడవలకే వర్తించేది. కార్మికుల ఒప్పందం చేపల పడవలను నేరుగా మినహాయించింది. చేపల వేటలో పని గురించి 2007లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వేరే ఒప్పందం చేసి, 2017 నుంచి అమలు చేస్తున్నది మెచ్చదగిన పనే. కానీ అందులో కూడా క్రమం తప్పకుండా వేతనం ఇవ్వాలన్న షరతు జీతం మీద పనిచేసేవారి గురించే. పట్టిన చేపలో వాటా మీద పనిచేసేవారు దాని పరిధిలోకి రారు. ప్రపంచంలో చిన్న పడవల మీద పనిచేసేవారిలో వాటా పద్ధతి సర్వసాధారణం. వేట లేదు, వాటా లేదు. నింపుకున్న మంచు కరిగిపోతుంది, అప్పు మాత్రం కరగదు. 1999లో అదే సంస్థ వేసిన అంచనా ప్రకారం చేపల వేటలో ఏటా 24,000 మంది చనిపోతున్నారు. ఆ మరణాలన్నీ గాలి వల్లే అని నేను అనడం లేదు; ఇంజన్లు చెడిపోవడం, ఓడలు గుద్దడం, వలలో చిక్కుకుని పడిపోవడం అన్నీ ఉన్నాయి. కానీ వెళ్ళకుండా ఉండాల్సిన రోజున వెళ్ళడం ఆ లెక్కలో చిన్న భాగం కాదని రేవులో ఏ సరంగును అడిగినా చెబుతాడు.

దీనికి ఎదురుగా వినిపించే మాటలు నాకు తెలుసు. వాతావరణం అందరి పనినీ దెబ్బ తీస్తుంది, రైతుకు లేదా, కూలికి లేదా అంటారు. ఉంది. వారికీ రక్షణ కావాలన్నది దానికి జవాబు అవుతుంది గానీ, వీరికి అక్కర్లేదన్నది కాదు. పైగా, ఒకే గట్టుకు కట్టిన రెండు పడవల్లో ఒకదానికి రక్షణ ఉండి మరొకదానికి లేకపోవడమే ఇక్కడ విషయం. ఇక రెండో మాట: సరంగు తన పడవకు తానే యజమాని, వెళ్ళాలా వద్దా అన్నది అతని స్వేచ్ఛ అంటారు. నేను దీన్ని గౌరవంగానే వింటాను, ఎందుకంటే సముద్రం మీద బతికేవారు తమ నిర్ణయం తామే తీసుకోవడానికి ఎంత విలువనిస్తారో చూశాను. కానీ ఇంటికి ఖాళీ చేతులతో వెళ్ళడం, మొగ దాటడం అన్న రెండే దారులుంటే అందులో ఎంచుకోవడాన్ని స్వేచ్ఛ అనడం నాకు చేతకాదు.

గట్టిగా ఆలోచించాల్సిన అభ్యంతరం మూడోది. ఆగినందుకు డబ్బిస్తే ఎవరూ వేటకు వెళ్ళరు, చిరుగాలికే పడవలు కట్టేసుకుంటారు అన్నది. ఇది నిర్లక్ష్యం చేయదగిన మాట కాదు. అయితే గాలి అనేది ఎవరి మాట మీదా ఆధారపడని కొలత. రేవు మొగ మీద గాలి ఎంత వీచింది, కెరటం ఎంత లేచింది అన్నది యంత్రం రాసిపెడుతుంది. అది సరంగు ఇష్టాన్ని బట్టి మారదు. ఈ ఆలోచన కాగితం మీదే లేదు. కరీబియన్ దేశాల ఉమ్మడి విపత్తు బీమా సంస్థ 2019లో గ్రెనడా, సెయింట్ లూసియా దేశాల చేపల వేటవారి కోసం ఒక బీమాను మొదలుపెట్టింది. తుపానులకే కాక, ముందుగా అనుకున్న హద్దు దాటిన కెరటాలూ వానా వేటను ఆపేసే మామూలు చెడు వాతావరణానికి కూడా అది వర్తిస్తుంది. నష్టాన్ని ఒక్కొక్క పడవ దగ్గరికీ వెళ్ళి అంచనా వేయాల్సిన పని లేదు. కొలత హద్దు దాటితే చెల్లింపు. అందులో లోపాలుండవచ్చు, హద్దు ఎక్కడ పెట్టాలన్నది ఎప్పుడూ తగువే. కానీ సరుకు ఓడల ఒప్పందాల్లో కూడా ఆ తగువు ఉంది, అయినా ఎవరూ ఆ ఒప్పందాలు వద్దనలేదు.

చట్టం, జీతం, బీమా అన్నీ ఉన్న పెద్ద ఓడలు కూడా ఈ నిర్ణయంలో పొరబడతాయన్నది నా వాదనను బలహీనపరచదు, బలపరుస్తుంది. 2007 జూన్ 8న ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ బొగ్గు రేవు బయట డజన్ల కొద్దీ ఓడలు వంతు కోసం లంగరు వేసి ఉండగా తుపాను వచ్చింది. గాలి ముదురుతుందని వాతావరణ హెచ్చరికలు ముందే వచ్చాయి. పాషా బల్కర్ అనే ఓడ లంగరు ఎత్తడంలో ఆలస్యం చేసింది. ఓడను బరువుగా, నిలకడగా ఉంచడానికి తొట్లలో పట్టే బలాస్టు నీటిని ఆ గాలికి సరిపడా నింపుకోలేదు. 225 మీటర్ల ఆ ఓడ నేరుగా నాబీస్ తీరపు ఇసుక మీదికి కొట్టుకొచ్చింది. 22 మంది నావికులను హెలికాప్టర్ల మీద కాపాడారు, ఓడను జులై 2 గానీ కదిలించలేకపోయారు. గాలిలో ఏం చేయాలన్నది ధైర్యానికి సంబంధించిన ప్రశ్న కాదని ఈ ఘటన చెబుతోంది. ఎక్కడ ఆగాలి, ఎక్కడి నుంచి పారిపోవాలి, ఎప్పుడు అన్నది తీరిక, సమాచారం, వెనక ఎవరో ఉన్నారన్న భరోసా ఉన్నప్పుడే సరిగ్గా తేల్చుకోగలిగిన ప్రశ్న. అవన్నీ ఉన్న కెప్టెన్ దగ్గరే అది తప్పుతున్నప్పుడు, నిన్న నింపిన మంచు కరిగిపోతుంటే నిలబడి చూస్తున్న సరంగు నుంచి సరైన నిర్ణయాన్ని ఆశించే హక్కు మనకు ఎక్కడిది?

కాబట్టి ప్రతి రేవులోనూ చేయదగ్గ పనులు కొన్ని ఉన్నాయి, వాటికి కొత్త కనుగొనడాలేవీ అక్కర్లేదు. రేవు అధికారులు పెద్ద ఓడల కోసం గాలి వేగాన్ని, కెరటాల ఎత్తును ఎలాగూ కొలుస్తున్నారు. అదే అంకెను చేపల పడవల గట్టు మీద పెద్ద అక్షరాలతో చూపించాలి. రేవు తన పైలట్లను బయటికి పంపని రోజును, క్రేన్లను బిగించేసిన రోజును, చేపల వేటవారికి కూడా ఆగే రోజుగా లెక్కకట్టి, ఆ రోజుకు ఎంత ముట్టాలో సీజను మొదట్లోనే వారి సంఘాలతో కూర్చుని తేల్చుకోవాలి. ఆ సొమ్ము పడవ యజమానికి మాత్రమే కాక, వాటా మీద పనిచేసే ప్రతి మనిషికీ నేరుగా చేరాలి, ఎందుకంటే మొగ దాటేటప్పుడు పడవలో ఉండేది వాళ్ళే. నిధి ఎక్కడినుంచి అంటే, గాలి రోజున బయట వేచి ఉండే ప్రతి ఓడ రేవు రుసుము కట్టే ఓడే. ఆ రుసుములో ఒక చిన్న వంతును అదే నీటి మీద, అదే గాలికి ఆగినవారి కోసం పక్కన పెట్టడంలో అన్యాయమేమీ నాకు కనిపించడం లేదు.